తోమకూడని కుండ

నీళ్లు తేటగా కనిపిస్తే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. కొలతలు తీసుకోవడానికి ఎవరింటికైనా వెళితే గాజుగ్లాసు నిండా మెరిసిపోయే నీళ్లు తెచ్చి చేతికిస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని పుచ్చుకుంటాను, వాళ్లు అటు తిరగ్గానే గుమ్మం పక్కన పారబోస్తాను. మా ఇంట్లో నేను తాగే నీళ్ల సంగతి వేరు. వాటిని వడగట్టే కుండలోకి తొంగి చూస్తే మీరు ఆ పూట అన్నం మానేస్తారు. ఎర్రటి జిగురు, తుప్పు, పైన జిడ్డు తెట్టె. ఆ కుండ వల్లే ఈ నాలుగు ముక్కలు నా చేత్తో నేను రాసుకోగలుగుతున్నాను. దాన్ని చూస్తే ఒకపక్క ఒళ్లు జలదరిస్తుంది, ఇంకోపక్క దండం పెట్టబుద్ధవుతుంది.

నేను దర్జీని. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు వస్తే పడవల కాలువ గట్టున మా పాళెం ఉంది. ఇక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. మా పెరట్లో ఇసుకదిబ్బ మీద మాత్రం మా నాయన నాలుగు మట్టి ఒరలు దించితే తియ్యటి నీళ్లు పడ్డాయట. ఆ ఒరల బావంటే మాకు ఎంత గొప్పో చెప్పలేను. పాళెంలో సగం మంది బిందెలు మా పెరట్లోనే నిండేవి. మా అమ్మ నడుం మీద చేయి వేసుకుని నిలబడి, ఎవరు తాడు ఎలా లాగాలో కూడా చెబుతుండేది.

యాభైతొమ్మిదిలో మా ఇంటి వెనక తోళ్ల గోడౌను వెలిసింది. మద్రాసు షావుకారు ఒకాయన కట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పచ్చితోళ్లు బళ్ల మీద వచ్చేవి. వాటికి పురుగు పట్టకుండా తెల్లమందు కలిపిన తొట్టిలో ముంచి, ఆరబెట్టి, కట్టలు కట్టి పడవల మీద మద్రాసుకు పంపేవాళ్లు. ఆ కంపు గురించి ఏం రాయను! అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. పెళ్లికూతురి రవిక కుట్టి ఇస్తే, వాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకునేవాళ్లు. తొట్టిలో నీళ్లు మురిగాక మా దిబ్బ వెనకే గుంటలో వదిలేసేవాళ్లు. ఇసుక కదా, ఎంత వదిలినా గుటుక్కున మింగేసేది. పొద్దున వదిలిన మడ్డి సాయంత్రానికి కనపడేది కాదు. కంపు ఒక్కటే మాకు కనపడిన శత్రువు. కనపడకుండా పోయిన నీళ్లు ఎక్కడికి పోయాయో ఆలోచించే బుర్ర మాలో ఎవరికీ లేకపోయింది.

అరవై ఒకటి ఎండాకాలంలో నా అరచేతుల్లో గట్టి గట్టి చుక్కలు లేచాయి. కత్తెర పట్టి కాయలు కాశాయనుకున్నాను. తర్వాత ఛాతీ మీద, వీపు మీద నల్లటి మచ్చలు. వాన చినుకులు పడిన దుమ్ములా ఒళ్లంతా చుక్కలు చుక్కలు. అరికాళ్లు మంటలు. వీటన్నిటికంటే ముందు నాకు గుండె జారిపోయింది ఒక పట్టుగుడ్డ దగ్గర. పేట నుంచి రెడ్డిగారి కోడలు రవికకని పంపిన గుడ్డ అది. బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేశాను. గుడ్డ నా చేతికి పట్టుకుంది. చేయి ఎత్తితే దారం లేచింది. పట్టు మీద చేయి ఆడించలేని దర్జీ ఏం దర్జీ? కొన్నాళ్లకు వేలి కొనలు మొద్దుబారాయి. సూది గుచ్చుకున్న సంగతి గుడ్డ మీద నెత్తురు చుక్క పడ్డాకే తెలిసేది. అప్పటి నుంచి నేను పట్టు ముట్టుకోలేదు. గోనెసంచులూ కూలివాళ్ల నిక్కర్లూ కుట్టుకుంటూ కూర్చున్నాను.

పాళెం ఊరుకుంటుందా? ఎవరూ ఆ మాట నా ఎదుట అనలేదు గానీ అందరి కళ్లలోనూ అదే ఉంది. కుష్ఠు. కుట్టిన గుడ్డలు నా చేతి నుంచి తీసుకోవడం మానేసి, తిన్నె మీద పెట్టమనేవాళ్లు. చంటిపిల్లల తల్లులు మా గుమ్మం దాటేటప్పుడు పిల్లల్ని అవతలి చంకకు మార్చుకునేవాళ్లు. అయినా బిందెలు మాత్రం మా పెరట్లోకి వస్తూనే ఉన్నాయి. నా చేయి తగలకూడదు, నా బావి నీళ్లు కావాలి. వాళ్లు తాడు వేసి లాగుతుంటే కిటికీలోంచి చూస్తూ నాకు నవ్వూ అసహ్యమూ కలిసి వచ్చేవి.

మా చర్చిలో ప్రభువు బల్ల రోజున అందరం ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగుతాం. అరవై రెండులో ఒక ఆదివారం పాస్టరయ్య నన్ను గుమ్మం దగ్గరే ఆపాడు.

"యాకోబూ, నువ్వు ఇయ్యాల ఆఖర్న రా నాయనా. యేమనుకోబాక," అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఏమనుకోను? అందరూ తాగి కూర్చున్నాక, చూడనట్టు నటిస్తూ అందరూ నా చేతులవైపే చూస్తుండగా వెళ్లి తాగాను. గిన్నె తుడవబోతున్నాడు పాస్టరయ్య. అప్పుడు అన్నమ్మవ్వ లేచింది. ఆమె మా పక్కింటి ముసలామె, చేపలు ఎండబెట్టుకుని బతుకుతుంది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది.

"నేనింకా తాగలా అయ్యా. కాళ్లు రాలా," అంది. గిన్నె తీసుకుని, నా నోరు తగిలిన చోటే నోరు పెట్టి తాగింది. ఆ రోజు ఇంటికి వచ్చి నేను ఏడ్చిన ఏడుపు రోగానికి కూడా ఏడవలేదు.

నా భార్య రూతు ఇక ఊరుకోలేదు. "కుష్ఠైతే కుష్ఠని చెప్పించుకుందాం పా. ఇట్టా నాటువైద్యుడి మలాము రాసుకుంటా యెన్నాళ్లు కూకుంటావు?" అని నెల్లూరు బస్సెక్కించింది.

ఆసుపత్రి వరండాలో పడ్డ యాతన వేరే రాయాలి. సిమెంటు తిన్నెలు, డెట్టాలు వాసన, దాని కింద చీము వాసన. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నా చేతులు చూసి, కండువా దులుపుకుని, ఎదురు తిన్నె మీద ఖాళీ లేకపోయినా ఇరుక్కుని కూర్చున్నాడు. కంపౌండరు నా చీటీని రెండు వేళ్ల కొనలతో పట్టుకున్నాడు. నేను చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున వెళ్లినవాళ్లం, ఎండ దిగేదాకా మా వంతు రాలేదు. రూతు మాత్రం తెచ్చుకున్న చద్దన్నం విప్పి, అందరి ఎదుటా నా ఆకులోంచే ముద్ద తీసుకుని తింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. నా చేయి పట్టుకుంది. ఊరికే పట్టుకోలేదు, రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి లాగింది. గుండుసూదితో అక్కడక్కడా గుచ్చింది, మచ్చల మీద దూదితో రాసి చూసింది.

"ఇది కుష్ఠు కాదు. ఎవరు చెప్పారు నీకు?" అంది.

"ఎవురూ చెప్పలేదమ్మా. అందరూ అనుకుంటా ఉండారు," అంది రూతు.

మీ ఇంటి పక్కన ఏముంది, ఏం నీళ్లు తాగుతారు అని అడిగింది. నేను గోడౌను గురించి, తెల్లమందు గురించి చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపేసి నా మొహంలోకి చూసింది. మళ్లీ వెళ్లినప్పుడు సీసాతో బావినీళ్లు పట్టుకెళ్లాం. నా గోళ్లు, వెంట్రుకలు కూడా కత్తిరించి, అన్నీ కలిపి మద్రాసుకు పంపింది. కబురు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక ఆమె ఒకే మాట చెప్పింది. నీళ్లలో పాషాణం ఉంది.

పాషాణమంటే ఎలకలకు పెట్టేది. కసి పుట్టినవాళ్లు అన్నంలో కలిపేది. దాన్ని మా నాయన దించిన బావి నుంచి మేము తియ్యగా ఉందని లొట్టలేసుకుంటూ తాగాం. రూతు వీపు మీద కూడా మచ్చలున్నాయని, నాకు చెబితే దిగులు పడతానని దాచిందని ఆ రోజే బయటపడింది. ఒకే బావి నీళ్లు కొందరిని త్వరగా పట్టుకుంటాయి, కొందరిని ఆలస్యంగా పట్టుకుంటాయి అంది డాక్టరమ్మ. ఆ నీళ్లు మానెయ్యమంది. మానేస్తే మచ్చలు నిదానిస్తాయి, వేళ్లకు స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు అంది. ఆ రెండో ముక్క నేను విననట్టు నటించాను.

గోడౌను మేనేజరు గోపాలయ్య దగ్గరకు వెళ్లి అడిగాను. ఆయన పడీపడీ నవ్వి, పదిమందిని పిలిచి, మా బావి నీళ్లే తెప్పించుకుని గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు.

"చూసినారా? నేను సచ్చినానా? నీ ఒంట్లో యేముందో దాన్ని మా నెత్తిన రుద్దబాక దర్జీ," అన్నాడు.

జనం ఆయన మాటే నమ్మారు. ఆయన రోజూ తాగే నీళ్లు పేట నుంచి కూజాల్లో వస్తాయని గోడౌనులో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. ఆ మనిషి మీసాల మీది తడి తలుచుకుంటే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

నీళ్లు మానెయ్యడం చెప్పినంత తేలికా? వానాకాలంలో రూతు పేట చెరువు దాకా నడిచి తెచ్చేది. ఎండాకాలంలో ఆ చెరువూ నెర్రెలిచ్చేది. అరవై మూడులో ఆ మాటే చెబితే డాక్టరమ్మ ఒక పాత సంగతి చెప్పింది. పూర్వం పాషాణం మింగినవాళ్లకు వైద్యులు తుప్పుమడ్డి తాగించేవాళ్లట. పాషాణం తుప్పును అంటుకుంటుందట. "చేసి చూద్దాం. నీళ్లు మళ్లీ మద్రాసు పంపుదాం," అంది. మూడు కుండలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టమంది. పై కుండకు అడుగున చిల్లి పెట్టి గుడ్డ దోపి, ఇసుకా ఇనుప రజనూ పోయాలి. నడిమి కుండలో ఇసుకా బొగ్గులూ. కింది కుండలోకి దిగిన నీళ్లు తాగాలి.

"రజను బాగా తుప్పు పట్టాలి. తుప్పే మీకు మందు," అని గట్టిగా చెప్పింది. నేనూ రూతూ తలూపాం. అమ్మ అప్పుడు ఊళ్లో లేదు. నా చెల్లెలి కాన్పుకని దొరవారిసత్రం వెళ్లి, బిడ్డను చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది.

కమ్మరి కొలిమి దగ్గర రజను తెచ్చి పోశాను. మొదట్లో దిగిన నీళ్లు చూస్తే ఎవరిదో పుండు కడిగినట్టున్నాయి. ముక్కు మూసుకుని తాగాను. నాలుక మీద పాత మేకు చప్పరించినట్టుండేది. పై కుండలో ఎర్రటి జిగురు కట్టింది, వేలు పెడితే సాగింది. శుభ్రమంటే ప్రాణం పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆ కుండ దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ నాకు నా చర్మం గుర్తొచ్చేది. రోజులు గడిచేకొద్దీ నీళ్లు తేరుకున్నాయి. మద్రాసు పంపితే పాషాణం లేనట్టేనని కబురొచ్చింది. కొన్ని నెలలకు అరికాళ్ల మంట తగ్గింది. అరచేతిలో చుక్కలు కాస్త మెత్తబడ్డాయి. పాత పట్టుముక్క ఒకటి పెట్టె అడుగున దాచుకున్నాను, దాని మీద రోజూ చేయి ఆడించి చూసుకునేవాణ్ణి. ఒకరోజు సగం దాకా పట్టుకోకుండా జారింది. రూతును కేకేశాను.

ఆ తర్వాత అమ్మ తిరిగొచ్చింది. కుండల్లో నీళ్లు పోసే పని తానే చేతిలోకి తీసుకుంది.

అరవై నాలుగులో మంట మళ్లీ మొదలైంది. చుక్కలు మళ్లీ గట్టిపడ్డాయి, పట్టుముక్క మళ్లీ చేతికి పట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక చుక్క పగిలి నీరు కారింది. ఇంత అసహ్యమైన నీళ్లు ఇన్నాళ్లు మింగింది ఇందుకా అని నాకు మతిపోయింది. డాక్టరమ్మ మీద, కుండల మీద, దేవుడి మీద కోపం. కుండలు పగలగొట్టబోతే రూతు అడ్డం నిలబడింది. "ఆమెను ఒక్కసారి పిలిపిచ్చి చూపిచ్చి పగలగొట్టు," అంది.

మైపాడులో క్యాంపు ఉన్న రోజున డాక్టరమ్మ దారిలో మా ఇంటి దగ్గర ఆగింది. అమ్మ చాప వేసి, తానే ఆమెను పెరట్లోకి తీసుకెళ్లింది. అమ్మకు డాక్టరంటే గౌరవం, ఇల్లు చూపించడమంటే అంతకంటే ఇష్టం.

"చూడు తల్లీ, కుండలు యెట్టా పెట్టుకున్నానో," అంటూ పై కుండ మూత తీసింది.

డాక్టరమ్మ లోపలికి చూసింది. నేనూ చూశాను. ఎర్ర జిగురు లేదు. తెల్లగా కడిగిన ఇసుక మీద ఇనుప రజను తళతళలాడుతోంది.

"ఇదేంటమ్మా?" అంది డాక్టరమ్మ చిన్న గొంతుతో.

"నేను ఊరి నించి వచ్చి చూస్తే యేముంది తల్లీ, పాచి పట్టి కుళ్లిపొయ్యి ఉండాది. మొగోడు తాగే నీళ్లు అట్టనా? శనివారం శనివారం వీళ్లిద్దరూ సంతకు పోతారు గదా, అప్పుడు చింతపండు పెట్టి రజనంతా తోమేస్తా. యేలు నొప్పి పుట్టేదాకా తోమతా. ఆదివారానికి ఇల్లు అద్దం మాదిరి ఉండాల మాకు."

"ఆ కడిగిన నీళ్లు?"

"తోటకూర మడికి పోస్తా. ఊరికే పారబోస్తామా?"

డాక్టరమ్మ బావి గట్టు మీద కూలబడి, తల పట్టుకుంది. తుప్పు తనలో పట్టి ఉంచిన పాషాణమంతా చింతపండు పులుపుతో వదిలి, మడిలోకి వెళ్లి, తోటకూరగా మా కంచంలోకి వచ్చింది. మెరిసే రజను నీళ్లను ఊరికే కిందికి వదిలేసింది. తోమొద్దని ఆమె మాకు చెప్పలేదు, తుప్పే మందని మేము అమ్మకు చెప్పలేదు. అలా ఒక మాట చెప్పాల్సి వస్తుందని ఏ డాక్టరు చదువులో ఉంటుంది? ఆదివారం కోసం శనివారం ఇల్లంతా తోమే మా పాళెం ఆడవాళ్లను చూసినవాళ్లకే తెలియాలి.

నేను అమ్మను అనరాని మాటలన్నాను. ఇక్కడ రాయను. అమ్మ చింతపండు పట్టిన వేళ్లను చూసుకుంటూ నిలబడింది. ఆ వారంలోనే కుండలు మార్చి కొత్త రజను పోసి, మడి పీకి, పాత మన్నంతా గోనెల్లోకెత్తి, బావులకు దూరంగా సిమెంటు తొట్టి కట్టించి అందులో పూడ్చాం. రజను మళ్లీ తుప్పు పట్టింది, నీళ్లు మళ్లీ బాగుపడ్డాయి. నాకూ అమ్మకూ మధ్య మాట మాత్రం బాగుపడలేదు. అన్నం పెట్టేది, తినేవాణ్ణి. ఆమె చేసిందేమిటో ఆమె నోటితో ఒక్కసారి అంటే చాలనిపించేది. అనలేదు. ఇత్తడి బిందెలు తోమడం కూడా మానేసింది. ఇంట్లో సామానంతా నల్లబడింది. కుండల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరైనా మూత మీద చేయి వేస్తే కసిరేది. ఆ నల్లబడ్డ బిందెలు చూస్తే నాకు జాలి కలగాల్సింది. ఒళ్లు మండేది.

అన్నమ్మవ్వ వేలి కొనల్లో చుక్కలు కనిపించాక పాళెం కళ్లు తెరిచింది. మూడు కుండలు ఇంటింటికీ లేచాయి. గోడౌను వద్దని జనం గట్టు మీద కూర్చుంటే అరవై అయిదులో షావుకారు ఎత్తేశాడు. సిగ్గుపడి ఎత్తేశాడని సంతోషించాం. తొట్టి, మందు డబ్బాలు, గోపాలయ్య అన్నీ పడవెక్కి, కాలువ వెంట దక్షిణంగా ఇంకో పాళెం పక్కన దిగాయని పడవవాళ్లు చెప్పారు. అక్కడా ఇసుకదిబ్బేనట. అక్కడా నీళ్లు తియ్యగా ఉంటాయట. ఆ మాట విన్న రోజు నేను మిషను ముందు కూర్చోలేకపోయాను.

అమ్మే కదిలింది. "పా, పోదాం," అంది. తుప్పు పట్టిన రజను గోనెసంచిలో కట్టించుకుని, ఒక కుండ తాను పట్టుకుని పడవెక్కింది. దారంతా ఇద్దరం చెరో పక్కకు చూస్తూ కూర్చున్నాం.

ఆ పాళెంలో ఆడవాళ్లు బావి చుట్టూ మూగారు. నేను చెబుతున్నాను, వాళ్లు వింటున్నట్టు లేరు. సంచి విప్పితే ఒకామె ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. ఇంకొకామె బావిలోంచి చేద లాగి, తేట నీళ్లు దోసిట్లో పట్టి చూపించింది.

"ఇంత మంచి నీళ్లు పెట్టుకోని ఆ తుప్పుదాంట్లో పోసుకోమంటావా? పోసినా మేము కడుక్కోకుండా ఉంటామా?" అంది. అందరూ నవ్వారు.

ఇన్నేళ్లుగా నేను అలవాటుగా చంకల్లో దాచుకునే చేతిని అమ్మ పట్టి లాగింది. అరచేయి విప్పి వాళ్ల మొహాల ముందు పెట్టింది.

"నవ్వబాకండి. చూడండి ఈ చెయ్యి. దర్జీ చెయ్యి ఇది, పట్టు కుట్టే చెయ్యి. సగం ఆ తోళ్లోళ్లు చేసినారు. సగం నేను చేసినా. మీ మాదిరే, తుప్పని అసయ్యించుకోని, చింతపండేసి తోమినా. నేను కన్నతల్లిని. మీరు తోమబాకండమ్మా."

నవ్వు ఆగిపోయింది. దోసిట్లో నీళ్లు పట్టుకున్నామె వేళ్లు వదిలేసింది, నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి. ఒక ముసలామె ముందుకొచ్చి, సంచిలో ఎంత రజను ఉంది, ఇన్ని ఇళ్లకు చాలుతుందా అని అడిగింది. అమ్మ చెబుతోంది గానీ నా చేయి వదల్లేదు. ఏళ్ల తరబడి చింతపండుతో తోమి తోమి గరుకెక్కిన వేళ్లు నా వేలి కొనలను నొక్కుతున్నాయి. ఆ గరుకు నాకు తెలుస్తోంది. నొప్పి కూడా పుడుతోంది. వదలమని నేను అనలేదు.